పోయినవాళ్ళతో మాట్లాడే సిస్టరుగారు

ఆవిడ పోయారని ఫోనొచ్చినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఏలూరులో ఆవిడా నేనూ పనిచేసిన ఆసుపత్రిలో ఒకప్పటి ల్యాబ్ టెక్నీషియన్ చేశాడు ఆ ఫోను. "అత్తిలిలో తమ్ముడుగారింట్లో ఉంటున్నారు కదండీ. ఆదివారం చర్చికెళ్ళొచ్చి, అన్నం తిని పడుకున్నారంట. మళ్ళీ లేవలేదంటండీ" అన్నాడు. పాతికేళ్ళు ఐసీయూలో నర్సుగా చాకిరీ చేసిన మనిషి, ముక్కులో గొట్టం లేకుండా, చేతికి సూది లేకుండా, ఎవరిచేతా పక్కకి తిప్పించుకోకుండా దర్జాగా వెళ్ళిపోయారు. అన్నీ తనకి కావలసినట్టు జరిపించుకోవడం ఆవిడకి మొదటినుంచీ ఉన్న జబ్బే.

పేరు రాయను. రాస్తే ఏమంటారో నాకు తెలుసు. "ఏమీ అనుకోకండి డాక్టరుగారూ, ఊళ్ళో ఇంతమందుండగా నా పేరే దొరికిందాండీ మీకు?" అంటారు. "ఏమీ అనుకోకండి" అన్నారంటే ఆ వెనకాల వచ్చేది కచ్చితంగా అనుకోవలసిన మాటేనని మా ఆసుపత్రిలో ఆయమ్మల దగ్గర్నుంచి పెద్ద డాక్టరుగారి దాకా అందరికీ తెలుసు. ఆ మాట చెవిన పడితే చేస్తున్న పని ఆపి నిలబడేవాళ్ళం. ఏ మందు నేను రెండుసార్లు రాసేశానో, ఎవరి కాళ్ళు చల్లబడుతుంటే చూసుకోకుండా వెళ్ళిపోయానో అప్పుడు బయటికొచ్చేది. ఏనాడూ గొంతు పెంచలేదు. పెంచితే మనమూ తిరిగి అరవచ్చు. ఇంత మర్యాదగా తిట్టే మనిషిని ఏం చేస్తాం?

పొట్టి మనిషి. గంజి పెట్టిన తెల్లచీర, నల్లతాడు కట్టిన కళ్ళజోడు. మిషనరీ ఆసుపత్రిలో పని నేర్చుకున్న తరం. దుప్పటి మూల మడత సరిగ్గా లేకపోతే పేషెంటు జ్వరం సంగతి తర్వాత, ముందు దుప్పటి సంగతి తేలాలి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

ఆవిడతో నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించినవి ఆవిడ కబుర్లు. మాతో కాదు, పేషెంట్లతో. మాది ఆరు మంచాల ఐసీయూ. ఆరింట్లో నాలుగింటి మీద ఒంటి మీద తెలివి లేనివాళ్ళే ఉండేవాళ్ళు. డ్యూటీ ఎక్కినప్పటినుంచి దిగేదాకా ఆ నలుగురితోనూ ఆవిడకి కబుర్లే. "ఇటు తిప్పుతున్నానండీ, కొంచెం ఓర్చుకోండి." "సూది వేస్తున్నానమ్మా, చీమ కుట్టినట్టుంటుంది, అంతే." "బయట వాన పడుతోందండీ, మీ ఊడుపులకి ఇక ఢోకా లేదు." నేను పక్కన నిలబడి కేసు షీటు రాసుకుంటూ ఏదైనా చెబితే నా మాట వినబడేది కాదు గాని ఆవిడ గొంతు మాత్రం గదంతా వినబడేది.

మంచం నంబరుతో పిలిస్తే ఊరుకునేవారు కాదు. కొత్త పేషెంటు రాగానే బంధువుల్ని అడిగే మొదటి ప్రశ్న షుగరుందా, బీపీ ఉందా అని కాదు, "ఇంట్లో ఏమని పిలుస్తారండీ?" అని. ఆ పేరు ప్లాస్టరు ముక్క మీద రాసి మంచానికి తలవైపు అంటించేవారు. ఒకసారి ఉండి అనే ఊరి దగ్గర్నుంచి డెబ్భై ఏళ్ళ మోతుబరి రైతు వచ్చారు. ఊరికి మాజీ ప్రెసిడెంటు. ఆయన అరుగు ముందునుంచి వెళ్ళాలంటే జనం సైకిలు దిగి నడిచేవారట. ఇంట్లో పిలిచే పేరు బుజ్జి. మూడురోజులు స్పృహ లేకుండా పడి ఉన్నారు. మూడురోజులూ ఈవిడ "బుజ్జిగారూ, నోరు తెరవండి, తుడవాలి", "బుజ్జిగారూ, మీ పెద్దబ్బాయిగారొచ్చారు, బయట కూర్చుని ఏడుస్తున్నారు" అంటూనే ఉన్నారు. నాలుగోరోజు ఆయన కళ్ళు తెరిచి, గొంతులో గొట్టం తీయగానే నావైపు వేలు చూపించి సిస్టరుగారితో అన్న మొదటి మాట ఇది: "ఈ కుర్ర డాక్టరుకి చెయ్యి నిలకడ లేదని నువ్వు అన్లా?"

ఆ రోజునుంచీ ఇక ఆవిణ్ణి పట్టలేకపోయాం. "చూశారాండీ, అన్నీ విన్నారు! ఎవరు వింటున్నారో ఎవరు వినట్లేదో పైనుంచి చూసి మనం చెప్పగలమాండీ?" అన్నారు. చెప్పగలం. దానికేగా అంత డబ్బు పోసి మమ్మల్ని చదివించింది. కూర్చోబెట్టి, కాగితం మీద తలకాయ బొమ్మ వేసి మరీ చెప్పాను. స్పృహ లేకపోవడం వేరు, మెదడు చనిపోవడం వేరు. మొదటిదాంట్లోంచి మనిషి లేచినా లేవచ్చు. రెండోదాంట్లో లేవడానికి మనిషే ఉండడు. వెంటిలేటరు గాలి కొడుతుంది కాబట్టి గుండె ఆడుతుంది, గుండె ఆడుతుంది కాబట్టి ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. చట్టం కూడా ఆ మనిషి పోయాడనే అంటుంది. ఆవిడ ఆసాంతం శ్రద్ధగా విని, "చాలా బాగా చెప్పారండీ" అని మెచ్చుకున్నారు. తిన్నగా ఆరో మంచం దగ్గరికి వెళ్ళి, మెదడు పోయి రెండు రోజులైన మనిషి దిండు సర్దుతూ, "మన డాక్టరుగారు చాలా బాగా చెబుతారండీ" అన్నారు.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అప్పట్లో నేను రోజూ తాడేపల్లిగూడెం నుంచి పాసింజరు బండెక్కి ఏలూరొచ్చి డ్యూటీ చేసేవాణ్ణి. గూడెంలో మా అక్క ఉండేది. కిడ్నీలు రెండూ పాడైపోయాయి. వారానికి రెండుసార్లు బావ విజయవాడ తీసుకెళ్ళి డయాలిసిస్ చేయించి తీసుకొచ్చేవాడు. నాది ఇస్తానంటే రక్తం కలవలేదు. బావదీ అంతే. అమ్మకి షుగరు. చనిపోయినవాళ్ళ కిడ్నీ ఏదైనా వస్తే ఇమ్మని హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రిలో పేరు రాయించాం. ఆ వరసలో అక్కకి ముందు ఎంతమందున్నారో అడిగినా చెప్పేవారు కాదు. ఒకరోజు అన్నంలో ఉప్పు లేని కూర కలుపుకుంటూ అక్క, "ఒరేయ్, ఎవరో ఒకళ్ళు పోతే గాని నాకు రాదు కదా. మరి దేవుణ్ణి ఏమని అడగాల్రా?" అంది. నేను కంచం సగంలోనే వదిలేసి, చెయ్యి కడుక్కుని లేచిపోయాను.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన మరుసటి ఏడు ఒక కుర్రాడిని తీసుకొచ్చారు. ఇరవై రెండేళ్ళు. చెరువుల మీద పని పోయాక కైకలూరులో ఐసు ఫ్యాక్టరీలో చేరాడట. పొద్దున్నే బైకు మీద పనికి వెళుతూ, చేపల లారీలోంచి కారిన నీళ్ళ మీద బండి జారి గట్టు రోడ్డు మీద పడ్డాడు. ఒంటి మీద గీత లేదు, దెబ్బంతా తలకే. వెంట తల్లి, మేనమామ వచ్చారు. తండ్రి లేడు. సిస్టరుగారు అడగవలసింది అడిగి, ప్లాస్టరు మీద "పండు" అని రాశారు. తల్లి పెద్దింట్లమ్మ గుడి కుంకుమ పొట్లం తెచ్చుకుంది. ఐసీయూలోకి ఇలాంటి పొడులు తేకూడదని నేనే నోటీసు రాయించి గోడకి పెట్టించాను. సిస్టరుగారు ఆ నోటీసు కిందే నిలబడి ఆ పొట్లాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి కుర్రాడి దిండు కింద పెట్టారు. ఆవిడేమో ఆదివారం చర్చి తప్పని మనిషి. అదేంటండీ అంటే, "ఆ తల్లికి ధైర్యం కదండీ" అన్నారు.

మూడోరోజుకి తేలిపోయింది. పెద్ద డాక్టరుగారు, నరాల డాక్టరుగారు కలిసి పరీక్షలు చేశారు. కంట్లో లైటు వేస్తే నల్లగుడ్డులో చలనం లేదు. గొట్టం కదిపితే దగ్గు లేదు. ఆ తర్వాత చెవిలో ఐసునీళ్ళు పొయ్యాలి. మెదడు అడుగున ఏ కాస్త ప్రాణమున్నా కళ్ళు పక్కకి కదులుతాయి. నేను సిరంజి పట్టుకుని వంగాను. అవతలివైపునుంచి ఆవిడ కూడా వంగి, "పండూ, చెవిలో చల్లనీళ్ళు పోస్తున్నారయ్యా, ఉలిక్కిపడకేం" అన్నారు.

"సిస్టరుగారూ, ఉలిక్కిపడతాడేమో చూద్దామనే కదండీ పోస్తున్నది!" అన్నాను.

"మీరు చూసుకోండి. చెప్పకుండా పొయ్యడం మర్యాద కాదు కదండీ."

వాడు ఉలిక్కిపడలేదు. కళ్ళు కదల్లేదు. వెంటిలేటరు ఆపి చూస్తే సొంతంగా ఊపిరి పీల్చే ప్రయత్నమే లేదు. ఆరు గంటలాగి అన్నీ మళ్ళీ చేశాం. మళ్ళీ చెవిలో నీళ్ళు, మళ్ళీ "ఉలిక్కిపడకయ్యా", మళ్ళీ అదే ఫలితం. నాకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్న పెద్ద డాక్టరుగారు, "ఆ తల్లితో నువ్వు మాట్లాడు" అన్నారు. ఆయన ఉద్దేశం, కుర్రాడు పోయాడని చెప్పమని. నేను అక్కడితో ఆగలేదు. తల్లినీ మేనమామనీ గదిలో కూర్చోబెట్టి, "అమ్మా, మీవాడి మెదడు చనిపోయింది. ఇక లేవడు. మిషను గాలి కొడుతోంది కాబట్టి గుండె ఆడుతోంది, అంతే. కానీ కిడ్నీలు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. లివరు బాగుంది. మీరు ఒప్పుకుంటే ముగ్గురు బతుకుతారు" అన్నాను. మాకు అవయవాలు తీసే అనుమతి లేదని, మిషను మీదే హైదరాబాదు తీసుకెళ్ళాలని, అక్కడి డాక్టర్లు మళ్ళీ పరీక్షలు చేసి, పోయాడని రాతపూర్వకంగా తేల్చాకే తీస్తారని వివరంగా చెప్పాను. ఆ వివరాలు చెబుతున్నప్పుడు నాకు తెలియకుండానే కుర్చీ ముందుకి జరుపుకున్నాను.

మేనమామ, "కిడ్నీలు అమ్ముకుంటారని పేపర్లో రాత్తారు కదండీ, అలాంటిది కాదుగా?" అని అడిగాడు. కాదన్నాను. అతను అక్కవైపు తిరిగి, "మనోడు ఎలాగూ రాడక్కా. ఇంకోళ్ళన్నా బతుకుతారు" అన్నాడు.

తల్లి నన్నడిగింది. "కోత్తే నొప్పెట్టదాండీ?"

"నొప్పి తెలియడానికి మనిషి లేడమ్మా."

"అయితే పోయినట్టేనంటారు."

"పోయినట్టేనమ్మా."

తల ఊపింది. నేను కాగితం ముందు పెట్టాను, ఇంకు ప్యాడు మూత తీశాను. బొటనవేలు అద్దుకున్నాక, "ఒక్కసారి చూసొచ్చి ఏత్తానండీ" అంది.

లోపలికి వెళ్ళాం. సిస్టరుగారు తడిగుడ్డతో వాడి మొహం తుడుస్తున్నారు. తలెత్తి తల్లిని చూశారు. మళ్ళీ వాడి చెవి దగ్గరికి వంగి, "పండూ, అమ్మొచ్చిందయ్యా" అన్నారు.

తల్లి ఉన్నచోటే నిలబడిపోయింది. నావైపు తిరిగి, "పోయాడన్నారు?" అంది.

"అవునమ్మా."

"మరి నేనొచ్చానని ఆవిడ చెప్తన్నారు కదండీ. వినేవోడికే కదా చెప్తారు?"

నేను మొదటినుంచీ మళ్ళీ చెప్పాను. మెదడు, మిషను, గుండె. ఆమె వింది, కానీ ఆమె చూపు నామీద లేదు. "మీరు పెద్ద చదువులు చదివినోళ్ళు బాబుగారూ. కాదన్ను. కానీ ఆవిడ మూడ్రోజుల్నించీ వాడి పక్కనే ఉంది" అని, వేలికున్న ఇంకు చీర చెంగుకి తుడిచేసుకుంది. "మావోణ్ణి ఇంటికి తీసుకెళ్ళిపోతామండీ. ఊపిరి మా ఇంటికాడే పోవాల."

ఆ తర్వాత నర్సుల గదిలో నేను అరిచిన అరుపులు బయట మెట్ల దాకా వినబడ్డాయని తర్వాత చెప్పారు. రెండుసార్లు పరీక్షలు చేసి పోయాడని తేల్చాం, మీరు "అమ్మొచ్చింది" అంటారా, ముగ్గురి ప్రాణాలు మీ నోటికి బలైపోయాయి అన్నాను. ఆవిడ చేతిలో ఉన్న దుప్పటి మడతపెట్టడం పూర్తి చేసి అప్పుడు మాట్లాడారు.

"ఏమీ అనుకోకండి డాక్టరుగారూ. పోయాడంటారు. మళ్ళీ పది నిమిషాలకోసారి బీపీ చూడమంటారు, పక్కకి తిప్పమంటారు, పుండు పడకూడదంటారు. పోయినవాడికి ఇన్ని సేవలేంటండీ? పోయాడంటే దణ్ణం పెట్టి వదిలేస్తాను. ఉన్నాడంటే పలకరించి తిప్పుతాను. నాకు రెండూ కలిపి చెప్పకండి, నా చేతులకి అర్థం కాదు."

"మీ చేతులకి అర్థం కాకపోతే అవతల జనం చచ్చిపోవాలా?"

"ఆ తల్లికి మీరు పోయాడని ఎంతసేపు చెప్పారండీ? ఒక్క ముక్క. ఆవిడ ఏడవడానికైనా సందివ్వలేదు, కిడ్నీల్లోకి వెళ్ళిపోయారు. తలుపు తీసే ఉంది, నాకు వినబడింది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ అక్కగారి కోసం నేను రోజూ ప్రార్థన చేస్తున్నానండీ. కానీ మీరు ఆ పిల్లాడి దగ్గర నిలబడ్డప్పుడల్లా మీ ధ్యాస గూడెంలో ఉంటోంది."

"హైదరాబాదు పంపితే మా అక్కకే ఇస్తారా? వరస ఉంటుంది. మా అక్కకి రాదని నాకు తెలీదా?"

"మీకు తెలుసు. మీ మొహానికి తెలీట్లేదు."

చేతిలో ఉన్న పెన్ను విసిరికొట్టాను. ఆవిడ వంగి తీసి, మూత పెట్టి, బల్ల మీద పెట్టారు. ఆవిడ చెప్పినదాంట్లో నిజముందని ఇప్పుడు ఒప్పుకుంటాను. నేను చెప్పినదాంట్లోనూ ఉంది. వరసలో పైన ఒకరికి దొరికితే కిందున్నవాళ్ళు ఒక మెట్టు ఎక్కుతారు కదా. అది స్వార్థమే అనుకోండి, తప్పని మాత్రం ఇప్పటికీ అనుకోను.

ఊపిరి ఇంటి దగ్గరే పోవాలన్నది మా వైపు అందరి పట్టింపూ. గొంతులో గొట్టం అలాగే ఉంచి, దానికి రబ్బరు సంచి తగిలించి, చేత్తో నొక్కుతూ ఊపిరి ఇస్తూ అంబులెన్సులో ఇంటిదాకా తీసుకెళ్ళడం, అక్కడ ఆపెయ్యడం. కాగితం మీద "బంధువుల కోరికపై డిశ్చార్జి" అని రాస్తాం. మిషను తియ్యడానికి మాకు ధైర్యం చాలక ఆ పనిని ఇలా వాళ్ళ గుమ్మం దాకా మోయిస్తాం. మా ఆసుపత్రిలో ఆ సంచి నొక్కే పని ఎప్పుడూ ఆవిడదే. చిన్న నర్సుల్ని పంపేవారు కాదు. ఆ రోజు అంబులెన్సు ఎక్కబోతూ నావైపు చూసి, "సంతకం మీదే కదండీ, మీరూ రండి" అన్నారు. పెద్ద డాక్టరుగారి ముందు అన్నారు. రాననడానికి వీల్లేకపోయింది.

గట్టు మీద రోడ్డున్నంత మేరా అంబులెన్సు వెళ్ళింది. వాళ్ళ ఊరికి వెళ్ళే దారిలో చివరి ముక్క నీళ్ళల్లో ఉంది. వాణ్ణి పడవలోకి మార్చాం. మిట్టమధ్యాహ్నం ఎండ. ఆవిడా నేనూ వంతులవారీగా నొక్కుతున్నాం. మూత్రం సంచి పడవ అంచుకి తగిలించారు. ఆసుపత్రిలో బయల్దేరేముందు ఖాళీ చేసిందే, అప్పుడే సగం నిండింది. తేటగా, గడ్డి రంగులో. మా అక్కకి చుక్క రాక ఏడాదిన్నర అయింది అప్పటికి. నా చేతులు ఒకడి ఛాతీలోకి గాలి కొడుతున్నాయి, నా కళ్ళు ఆ సంచి మీదనుంచి కదలట్లేదు. అక్క ఆ తర్వాత పదకొండు నెలలే ఉంది. వరసలోంచి కబురు రాలేదు.

ఇక ఈవిడ ఊరుకుంటేనా. "పండూ, మీ ఊరొచ్చేస్తోందయ్యా. గూడబాతులు చూడు, ఎన్నున్నాయో." చూడమట! "అదిగో, రేవులో మీవాళ్ళందరూ నిలబడ్డారు." నేను "సిస్టరుగారూ, మీకు దణ్ణం పెడతాను, ఆపండి" అన్నాను. తల్లి వాడి కాళ్ళ దగ్గర కూర్చుని ఆవిడ చెప్పే ప్రతి మాటకీ తల ఊపుతోంది, వాడి బదులు తానే వింటున్నట్టు.

వాకిట్లో మంచం వేసి పడుకోబెట్టారు. తల్లి చెంచాతో నోట్లో నీళ్ళ చుక్క వేసింది. తల దువ్వింది. "ఇంకెంతసేపు నొక్కాలండీ?" అని అడిగింది.

"మీరు చాలనేదాకానమ్మా" అన్నారు సిస్టరుగారు.

ఆమె వాడి మొహం నిమురుతూ చాలాసేపు కూర్చుంది. ఎవరూ తొందరపెట్టలేదు. నాకు చేతులు పీకేస్తున్నాయి, రబ్బరు సంచి మళ్ళీ సిస్టరుగారు తీసుకున్నారు. చివరికి ఆమె తన చెయ్యి తీసుకెళ్ళి సంచి నొక్కుతున్న ఆవిడ చేతి మీద పెట్టింది. ఆ చెయ్యి ఆగింది. సిస్టరుగారు ఆమె అరచేతిని తీసి కొడుకు గుండె మీద ఆనించి, పైనుంచి తన చెయ్యి వేశారు. కొన్ని నిమిషాలు.

"ఆగిపోయిందండీ" అంది తల్లి. మేము ఆమెకి చెప్పలేదు, ఆమే మాకు చెప్పింది. స్టెతస్కోపు పెట్టి చూసి నేను తల ఊపాను. గొట్టం తీసేశాను. అప్పుడు లేచింది ఏడుపు.

నేను పక్కకి వెళ్ళి బోరింగు దగ్గర చేతులు కడుక్కుని అక్కడే నిలబడ్డాను. ఏలూరు ఎంత తొందరగా వెళ్ళిపోదామా అని ఉంది. అరగంటయిందో లేదో, వెనకనుంచి "బాబుగారూ" అని వినబడింది. ఆ తల్లి. జుట్టు విడిపోయి ఉంది, మొహమంతా వాచిపోయింది.

"పొద్దున్న కాయితం తెచ్చారాండీ? ఏలిముద్ర ఏత్తాను. ఇప్పుడు తీసుకోండి" అంది. "అప్పుడు బతికున్నాడని ఇయ్యలేదండీ. ఇప్పుడు పోయాడు కదా. ముగ్గురు బతుకుతారన్నారు."

"ఇప్పుడు పనికిరావమ్మా" అన్నాను.

"అదేంటండీ, ఇందాకే కదా పోయింది?"

"గుండె ఆడుతుండగానే తియ్యాలమ్మా. ఆగిపోయాక పాడైపోతాయి."

"గుండె ఆడతన్నోడు పోయినోడెలాగవుతాడండీ?"

వాదానికి అడగలేదు. తెలియక అడిగింది. తలకాయ బొమ్మ వేసి సిస్టరుగారికి గంటసేపు పాఠం చెప్పిన నేను, ఆ బోరింగు కింద కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాను.

"కళ్ళు తీసుకుంటారమ్మా." నా వెనకనుంచి సిస్టరుగారి గొంతు. "గుండె ఆగాక ఆరు గంటల్లోపు తీసుకోవచ్చు. మొహం ఏమీ మారదు. ఇద్దరికి చూపొస్తుంది. మీకిష్టమైతేనే."

"అయితే కళ్ళు తీసుకోండి" అంది తల్లి వెంటనే.

మంచం దగ్గరికి వెళ్ళి చూశాను. వాడి రెప్పలు మూసి, వాటి మీద తడిపిన దూది పెట్టి ఉంది. తల కింద ఎత్తుగా దిండు పెట్టి ఉంది. వాకిట్లోకి లాగిపెట్టిన టేబులు ఫ్యాను కట్టేసి ఉంది. కళ్ళు ఇవ్వాలంటే మొదట చెయ్యవలసిన పనులన్నీ ఆవిడ, ఎవరూ ఒప్పుకోకముందే, ఒప్పుకుంటే పనికొస్తాయని చేసి ఉంచారు. నేను గొట్టం తీసి వచ్చేశాను, అంతే. మేనమామ సెల్‌ఫోనులోంచి ఆవిడే ఏలూరులో కళ్ళు తీసుకునేవాళ్ళకి ఫోను చేసి, ఏ గట్టు మీదుగా రావాలో, పడవ ఎక్కడుంటుందో చెప్పారు. పొద్దు వాలకముందే వస్తామన్నారట.

ఫోను పెట్టేసరికి తల్లి నాతో, "ఈ కళ్ళ సంగతి పొద్దున్నే చెప్పలేదేంటండీ బాబుగారూ? ఇంటికాడ ఊపిరి పోయాక కూడా ఇవ్వచ్చని చెబితే అప్పుడే సరేననేదాన్ని కదా" అంది.

ఎందుకు చెప్పలేదు? కిడ్నీల గురించి పావుగంట చెప్పాను. లివరు గురించి చెప్పాను. కళ్ళు అన్న మాట నా నోట్లోంచి ఒక్కసారి రాలేదు. దాచిపెట్టలేదు, అసలు తట్టనేలేదు. కళ్ళు మా అక్కకి పనికిరావు కాబట్టి తట్టలేదు. ముగ్గురు బతుకుతారని వేళ్ళు ముడిచి లెక్క చెప్పిన నా మనసులో ఉన్నది ఒక్కత్తే. నేను సిస్టరుగారివైపు చూశాను. నా ధ్యాస గూడెంలో ఉందని పొద్దున్న నా మొహం మీదే అన్న మనిషి. ఇప్పుడు అడిగే హక్కున్నవాళ్ళే అడుగుతున్నారు, చెప్పెయ్యండి అనుకున్నాను.

"నేను చెప్పాల్సిందమ్మా, మర్చిపోయాను. డాక్టరుగారి తప్పేం లేదు" అన్నారు ఆవిడ.

పాతికేళ్ళలో ఆవిడ ఒక్క పూట మందు మర్చిపోయినట్టు నేను వినలేదు. నాకు ఒళ్ళంతా మంటెత్తిపోయింది. ఉన్నమాట చెప్పేస్తే ఆ తల్లి నన్ను నాలుగు తిట్టేది, నేను చేతులు పట్టుకుని క్షమించమనేవాణ్ణి. నేనైనా నోరు విప్పి కాదనచ్చు. విప్పలేదు. నా తప్పు ఆవిడ తీసుకుంటుంటే తీసుకోనిచ్చి నిలబడ్డాను.

"పోన్లెండి" అంది ఆ తల్లి. "పొద్దుటినించీ మీరు మాత్రం ఏం తిన్నారు, ఎండలో పడొచ్చారు." చావింట్లో నీళ్ళు ముట్టకూడదు కదా, అందుకని పక్కింటావిడని పిలిచి, వాళ్ళింట్లోంచి చెంబుతో మంచినీళ్ళు తెప్పించి, తన చేత్తో నాకు అందించింది. నేను తాగాను.